చెంగల్పట్టు కోర్టులో ఒక తెలుగు తండ్రి వేసిన దావా

ఈసారి రాత కొంచెం పొడుగు. తీరిక చూసుకుని చదవండి.

పోయిన నెల మన సంఘం కూటం ముగిశాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. పేరు చెప్పను. ఆయన కూతురి కొడుక్కి పదిహేడేళ్ళు. పన్నెండో తరగతి నడుమలో మానేసి ఒక ఆశ్రమంలో చేరిపోయాడట. ఫోను చేస్తే ఎవరో ఎత్తి "ధ్యానంలో ఉన్నాడు, తర్వాత చేయండి" అంటారట. తల్లి రెండుసార్లు వెళ్ళింది. ఒకసారి పది నిమిషాలు చూపించారు, రెండోసారి అదీ లేదు.

"తమ్ముడూ, నువ్వు రైల్వేలో గుమాస్తాగా చేసినవాడివి. సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్స్ డే ఉంది కదా, ఒక మను రాసిపెట్టు" అన్నారు.

"ఏమని రాయమంటారు అన్నా?" అని అడిగాను.

"వాడు దొంగస్వామి, వాడి మతమంతా బూటకం, గవర్నమెంటు ఆ ఆశ్రమాన్ని మూసెయ్యాలి అని రాయి."

కాగితం తీశాను, కలం తీశాను, కానీ చెయ్యి ఆడలేదు. రేపు రాసిస్తానని చెప్పి ఇంటికి వచ్చాను. ఆ రాత్రి నాకు జిడ్డు నారాయణయ్య గారు గుర్తుకు వచ్చారు. ఆయన కూడా ఒక తెలుగు తండ్రి. నూటపదేళ్ళ కింద ఇదే మద్రాసులో ఇలాంటి బాధతోనే సర్కారు తలుపు తట్టారు. చెంగల్పట్టు జిల్లా కోర్టులో మొదలైన ఆయన దావా లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. ఆ కథ మన సంఘంలో చాలామందికి సగమే తెలుసు. కొడుకు కృష్ణమూర్తి పేరు తెలియనివారు లేరు. తండ్రి వేసిన అర్జీ ఏమయిందో తెలిసినవారు తక్కువ.

నారాయణయ్య గారిది మదనపల్లె. మద్రాసు రాజధానిలో రెవెన్యూ శాఖ ఉద్యోగి, తహశీల్దారుగా చేశారు. పట్టభద్రుడు. ఇంట్లో ఆచారం గల బ్రాహ్మణ కుటుంబమే అయినా 1882 నుంచే దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. ఆ సమాజం 1875లో న్యూయార్కులో పుట్టింది, 1882 చివర్లో తన ప్రధాన కార్యాలయాన్ని అడయారుకు మార్చుకుంది. అంటే సమాజం మద్రాసుకు వచ్చిన ఏడాదే ఈయనా అందులో చేరారన్నమాట. ఆయన దావా వేసింది బయటి మతం మీద కాదు. పాతికేళ్ళకు పైగా తాను నమ్మిన సంస్థ మీదనే వేయవలసి వచ్చింది. ఇది గుర్తు పెట్టుకోవాలి.

1905లో కడపలో భార్య సంజీవమ్మ గారు పోయారు. 1907 చివర్లో ఉద్యోగ విరమణ. పింఛను నెలకు 112 రూపాయలు, అంతకుముందు జీతంలో సగం. తల్లి లేని మగపిల్లలు నలుగురు ఇంట్లో ఉన్నారు. పింఛను మీద బతికే మనలాంటివారికి ఆ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. సమాజానికి ఏదైనా పని చేసిపెడతాను, అడయారులో ఉండనివ్వండి అని అధ్యక్షురాలు అనీబెసెంటు గారికి రాశారు. ఆమె మొదట ఒప్పుకోలేదు. మళ్ళీ మళ్ళీ రాశాక సరేనన్నారు. 1909 జనవరిలో పిల్లలతో అడయారు చేరారు. సమాజం ఆవరణ బయట ఒక పాత ఇల్లు ఇచ్చారు. పిల్లలు రోజూ మైలాపూరు స్కూలుకు నడిచి వెళ్ళి వచ్చేవారు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో లెడ్‌బీటర్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి అడయారుకు వచ్చాడు. సమాజంలో పెద్ద పేరున్నవాడు. అయితే మూడేళ్ళ కింద, 1906లో, మగపిల్లలకు ఆయన ఇచ్చిన కొన్ని సలహాల గురించి తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే సమాజం నుంచి తప్పుకోవలసి వచ్చింది. బెసెంటు గారు అధ్యక్షురాలయ్యాక మళ్ళీ చేర్చుకున్నారు. ఆయన అడయారు సముద్రపు ఒడ్డున ఈ పిల్లల్ని చూశాడు. పద్నాలుగేళ్ళ కృష్ణమూర్తి చిక్కిపోయి, చదువులో వెనకబడి ఉన్న పిల్లవాడు. ఆ పిల్లవాడి చుట్టూ అసాధారణమైన కాంతి కనబడుతోందని, రాబోయే జగద్గురువుకు వాహనం ఇతడేనని లెడ్‌బీటర్ చెప్పాడు. కృష్ణమూర్తినీ తమ్ముడు నిత్యానందనూ స్కూలు మాన్పించి ఆవరణలోనే చదువు చెప్పించడం మొదలుపెట్టారు.

1910 మార్చి 6న నారాయణయ్య గారు ఒక కాగితం మీద సంతకం పెట్టారు. ఇద్దరు పిల్లల సంరక్షణ బెసెంటు గారికి అప్పగించే కాగితం అది. ఆయన్ని ఎవరూ తాళ్ళతో కట్టి సంతకం పెట్టించలేదు. తల్లి లేని పిల్లలు, చిన్న పింఛను, ఇంగ్లండు చదువు దొరుకుతుందన్న ఆశ, తాను గౌరవించే నాయకురాలు అడగడం. ఇన్ని ఉన్నచోట ఏ తండ్రి అయినా పెడతాడు.

ఆ తర్వాత పనులు వేగంగా జరిగాయి. 1911లో కృష్ణమూర్తి పేరు మీద ఒక సంఘం పుట్టింది, తర్వాత దానికి తూర్పు నక్షత్ర సంఘం అని పేరు పెట్టారు. ఆ ఏడు డిసెంబరు 28న కాశీలో జరిగిన సభలో పదహారేళ్ళ పిల్లవాడి కాళ్ళ మీద పెద్దపెద్దవాళ్ళు వరసగా పడ్డారు. తండ్రికి అది మింగుడు పడలేదు. లెడ్‌బీటర్ పిల్లల దగ్గర ఉండకూడదని పట్టుబట్టారు. 1912 జనవరిలో, పిల్లలు చదువు కోసం ఇంగ్లండు వెళ్ళడానికి ఒప్పుకుంటూ ఇంకో సంతకం పెట్టారు. ఫిబ్రవరిలో బెసెంటు గారు పిల్లల్ని బొంబాయి నుంచి ఓడ ఎక్కించారు. జూలైలో తండ్రి తాను ఇచ్చిన అధికారాన్ని రద్దు చేస్తున్నాననీ, పిల్లల్ని తిరిగి అప్పగించాలనీ ఉత్తరం రాశారు. పిల్లలు రాలేదు. అక్టోబరులో దావా వేశారు.

ఎక్కడ వేశారు? చెంగల్పట్టు జిల్లా కోర్టులో. చాలామంది మద్రాసు హైకోర్టు అనుకుంటారు. అడయారు నదికి దక్షిణాన ఉన్న ఆ చోటు అప్పట్లో మద్రాసు నగరం హద్దులోకి రాదు, చెంగల్పట్టు జిల్లా కిందికి వస్తుంది. హైకోర్టు ఆ దావాను తన దగ్గరికి తెప్పించుకుంది. ఎన్ని వందలసార్లు చెంగల్పట్టు జంక్షన్‌లో దిగి ఎక్కానో, ఈ ఊరికి ఇంత కథ ఉందని ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు తెలియదు. ఈ చెంగల్పట్టు సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది, మరిచిపోకండి.

దావాలో ఆయన అడిగింది, అన్నది విడదీసి చూస్తే మూడు సంగతులు. ఒకటి: పిల్లలు నా పిల్లలు, నాకు అప్పగించండి. రెండు: లెడ్‌బీటర్‌తో పిల్లల్ని ఉండనిచ్చారు, అతడు పిల్లల పట్ల అనుచితంగా ప్రవర్తించాడు. మూడు: నా కొడుకును దేవుడని ప్రచారం చేసి, జనం చేత సాష్టాంగాలు చేయించి, వాడి బతుకును పాడు చేస్తున్నారు.

ఊళ్ళో పెద్ద గలాటా అయింది. 'ది హిందూ' పత్రిక బెసెంటు గారి మీద గట్టిగా రాసింది. డాక్టర్ టి.ఎం. నాయర్ తన 'యాంటీసెప్టిక్' వైద్య పత్రికలో లెడ్‌బీటర్ మీద వ్యాసం రాస్తే బెసెంటు గారు పరువునష్టం కేసు పెట్టి ఓడిపోయారు. తండ్రి వైపు వకీలు సి.పి. రామస్వామి అయ్యరు. బెసెంటు గారు వకీలును పెట్టుకోకుండా తన కేసు తానే వాదించుకున్నారు. అరవై ఐదేళ్ళు దాటిన ఆడమనిషి, నల్లకోట్ల మధ్య నిలబడి వాదించిన తీరును ఎదుటి పక్షం వారు కూడా మెచ్చుకున్నారు. చిత్రం ఏమిటంటే అదే సి.పి. నాలుగేళ్ళ తర్వాత హోంరూల్ ఉద్యమంలో ఆమె పక్కన నిలబడ్డారు. టి.ఎం. నాయర్ జస్టిస్ పార్టీ పెట్టి ఇద్దరికీ ఎదురు నిలిచారు.

1913 మార్చి 20న జస్టిస్ బేక్‌వెల్ ముందు విచారణ మొదలైంది. ఏప్రిల్ 15న తీర్పు. ఇక్కడ నిదానంగా చదవండి.

లెడ్‌బీటర్ మీద తండ్రి చేసిన తీవ్రమైన ఆరోపణ రుజువు కాలేదని, అది నిజం కాదని జడ్జి అన్నారు. అయితే అతడి అభిప్రాయాలు నీతికి విరుద్ధమైనవి, పిల్లలకు గురువుగా పెట్టదగినవాడు కాదు అని కూడా అన్నారు. పిల్లల్ని మే 26 లోపల తండ్రికి అప్పగించాలని ఆజ్ఞ ఇచ్చారు. ఖర్చులు మాత్రం గెలిచిన తండ్రి మీదనే వేశారు. రుజువు చేయలేని ఆరోపణ చేసినందుకు పడిన శిక్ష అది. 112 రూపాయల పింఛనుదారు మీద!

ఈ తీర్పులో లేనిది ఒకటి ఉంది. కృష్ణమూర్తి జగద్గురువు అవునా కాదా అని జడ్జి తేల్చలేదు. దివ్యజ్ఞానం నిజమా బూటకమా అన్నది కోర్టు పని కాదు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, ఎవరి దగ్గర ఉండకూడదు అన్నంతవరకే ఆయన తేల్చారు. నారాయణయ్య గారి అర్జీలో నిలబడింది ఆ భాగమే. కోపంతో కలిపిన భాగం ఆయన మెడకే చుట్టుకుంది.

ఇంకొక లెక్క చూడండి, గుమాస్తా కళ్ళకు వెంటనే కనబడేది. కృష్ణమూర్తి పుట్టింది 1895 మే నెల. తీర్పు వచ్చేసరికి పద్దెనిమిది నిండడానికి నెల కూడా లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండితే మేజరు. కానీ అప్పట్లో కోర్టు సంరక్షకుడిని నియమిస్తే, ఇరవై ఒకటి నిండేదాకా మైనరే. అంటే ఆ ఒక్క ఉత్తరువుతో ఆ అబ్బాయి స్వేచ్ఛ మూడేళ్ళు వెనక్కి పోతుంది. తండ్రికీ సమాజానికీ మధ్య తగాదాలో కాలం కూడా ఒక కక్షిదారు అయింది.

బెసెంటు గారు అప్పీలు చేశారు. 1913 అక్టోబరులో ప్రధాన న్యాయమూర్తి ఆర్నాల్డ్ వైట్, జస్టిస్ ఓల్డ్‌ఫీల్డ్ అప్పీలు కొట్టేశారు. ఆమె లండన్‌లో ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళారు. 1914 మే 25న తీర్పు వచ్చింది. రాసినవారు లార్డ్ పార్కర్. తీర్పులో తండ్రి పేరు 'జి. నారాయణయ్య' అని ఉంటుంది. జిడ్డు అన్న ఇంటిపేరుకు అప్పుడు అలా అక్షరం వేశారు. అందుకే జె. కృష్ణమూర్తి కేసు అని వెతికేవారికి ఇది తొందరగా దొరకదు.

ప్రివీ కౌన్సిల్ తండ్రి హక్కును కాదనలేదు. పిల్లల సంరక్షణ తండ్రికి ఒక పవిత్రమైన బాధ్యత, దాన్ని ఇంకొకరికి శాశ్వతంగా రాసి ఇచ్చేయడం కుదరదు, ఇచ్చిన అధికారాన్ని వెనక్కి తీసుకోవచ్చు అని స్పష్టంగా చెప్పింది. ఈ మాట మీద మన దేశపు కోర్టులు ఇప్పటికీ ఆధారపడతాయి. అయితే దాని పక్కనే ఇంకొక మాట చెప్పింది. ఆ అప్పగింత వల్ల పిల్లలకు కొత్త అలవాట్లు, కొత్త ఆశలు ఏర్పడి ఉంటే, ఉన్నట్టుండి వెనక్కి లాగడం వాళ్ళకు మేలా కీడా అని కోర్టు చూడాలి.

అలా చూశారా? లేదు. పిల్లలు ఆ దావాలో కక్షిదారులు కారు. వారి తరఫున మాట్లాడినవారు లేరు. మద్రాసులో ఇన్ని రోజులు వాదనలు జరిగాయి. తండ్రి మాట్లాడారు, బెసెంటు గారు మాట్లాడారు, లెడ్‌బీటర్ మాట్లాడాడు, పత్రికలు మాట్లాడాయి. కృష్ణమూర్తినీ నిత్యానందనూ "నాయనా, మీకేం కావాలి?" అని ఏ న్యాయస్థానమూ అడగలేదు. వాళ్ళు సముద్రం అవతల ఉన్నారు.

రెండో లోపం చెంగల్పట్టు. 1890 నాటి సంరక్షకుల చట్టం ప్రకారం, మైనరు మామూలుగా నివసించే చోటి జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టాలి. దావా వేసేనాటికి పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు. హైకోర్టు ఆ దావాను చెంగల్పట్టు నుంచి తెప్పించుకున్నా, ఆ దావాలో దానికి ఉండేది చెంగల్పట్టు కోర్టుకు ఉండే అధికారమే. ఇంగ్లండులో ఉన్న యువకుల్ని, వాళ్ళ ఇష్టం లేకుండా ఓడ ఎక్కించి తీసుకురమ్మని అక్కడి నుంచి ఆజ్ఞ ఇవ్వడం కుదరదు. కావాలంటే ఇంగ్లండు కోర్టుకు వెళ్ళవచ్చు అని చెప్పి కింది తీర్పులు రెండూ రద్దు చేశారు. రైల్వేవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, బండి ఒక దారిన పోయింది, ట్రాన్సిట్ కాగితం ఇంకో దారిన పోయింది. సరుకు మంచిదే, హక్కు ఉన్నదే, చేరవలసిన చోటికి చేరలేదు.

వ్యవహారం అక్కడితో ఆగిపోయింది. నారాయణయ్య గారు 1924లో పోయారు. ఆ మరుసటి ఏడు నవంబరులో నిత్యానంద కాలిఫోర్నియాలో జబ్బుతో పోయాడు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, బెసెంటు గారు వింటుండగా, సుమారు మూడువేల మంది సభ్యుల ముందు కృష్ణమూర్తి నక్షత్ర సంఘాన్ని రద్దు చేశారు. తనకు శిష్యులు వద్దన్నారు. ఏ కోర్టూ తేల్చని ప్రశ్నకు జవాబు ఆయనే, తన ముప్పై నాలుగో ఏట చెప్పారు. తండ్రి అయిదేళ్ళ ముందే పోయారు. ఆ మాట వినలేదు.

ఇంతవరకు చదివినవారు అడగవచ్చు. అయితే మతం పేరు చెప్పగానే సర్కారు చేతులు కట్టుకుని కూర్చోవాలా అని. కూర్చుంటే ఏమవుతుందో, మితిమీరి దూకితే ఏమవుతుందో చెప్పడానికి వేరే దేశాల నుంచి రెండు ఉదాహరణలు చెబుతాను.

మితిమీరి దూకినది ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం. సైంటాలజీ అనే కొత్త పంథా మీద ఫిర్యాదులు రాగా 1963లో కెవిన్ ఆండర్సన్ అనే సీనియర్ న్యాయవాదిని ఏకసభ్య విచారణ సంఘంగా వేశారు. 1965లో నివేదిక వచ్చింది. చాలా ఘాటుగా రాశారు. ఎవరికి ఏ హాని జరిగింది అన్నదానితో ఆగకుండా ఆ సిద్ధాంతమే దుష్టమైనదని తీర్మానించారు. ఆ ఏడే చట్టం చేసి దాన్ని నిషేధించారు. ఏమైంది? వాళ్ళు వేరే పేరుతో కొనసాగారు. 1982లో ఆ నిషేధం ఎత్తేయవలసి వచ్చింది. 1983లో ఆస్ట్రేలియా హైకోర్టు, పన్నుల కేసులో, అది మతమేనని తీర్పు ఇచ్చింది. నమ్మకం మీద తీర్పు చెప్పబోయి సర్కారు పద్దెనిమిదేళ్ళ తర్వాత తానే తల వంచుకుంది. ఈలోగా నిజంగా నష్టపోయినవారి ఫిర్యాదులు ఆ పెద్ద తగాదా చాటున పడిపోయాయి.

చేతులు కట్టుకుని కూర్చున్నది జపాన్. 1989లో ఓం షిన్రిక్యో అనే సంస్థ మతసంస్థగా గుర్తింపు కోసం టోక్యో నగర ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టింది. ఇల్లు విడిచిపోయిన పిల్లల తల్లిదండ్రులు అప్పటికే మొరపెట్టుకుంటున్నారు. అధికారులు మొదట జాప్యం చేశారు. సంస్థవాళ్ళు గుంపుగా వచ్చి వత్తిడి చేశారు, కోర్టుకు పోయారు. ఆగస్టులో గుర్తింపు ఇచ్చారు. ఆ తల్లిదండ్రుల తరఫున నిలబడిన యువ వకీలు సకమోతో, ఆయన భార్య, ఏడాది పసివాడు నవంబరులో రాత్రికి రాత్రి మాయమయ్యారు. ఇంట్లో ఆ సంస్థ బ్యాడ్జి దొరికింది. అయినా పోలీసులు మతసంస్థ జోలికి పోవడానికి జంకారు. 1994లో మత్సుమోతో పట్టణంలో విషవాయువు వదిలారు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో, ఉదయం ఆఫీసులకు పోయే రద్దీ వేళ, అదే విషవాయువు వదిలారు. 13 మందికి పైగా పోయారు, వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు. చనిపోయినవారిలో ఆ విషపు పొట్లాన్ని పెట్టె నుంచి తీసేసిన స్టేషను ఉద్యోగి ఉన్నాడు. రైల్వేలో పనిచేసినవాణ్ణి, అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ వకీలు కుటుంబాన్ని చంపి పాతిపెట్టిన చోటు ఆరేళ్ళ తర్వాత బయటపడింది.

టోక్యోలో తల్లిదండ్రులు చెప్పింది ఏమిటి? మా పిల్లవాడు కనబడటం లేదు, మాట్లాడనివ్వడం లేదు, ఆస్తి రాయించుకుంటున్నారు. వీటిలో ఏ ఒక్కటీ మతం సంగతి కాదు. ఏ పోలీసు స్టేషనులో అయినా రాసుకోవలసిన మామూలు ఫిర్యాదులు. "మతం" అన్న మాట పైన అతికించి ఉంది కాబట్టి అధికారి ఆ కాగితం పక్కన పెట్టేశాడు. విక్టోరియాలో అధికారి కూడా అదే మాట చూశాడు, చూసి దాని మీదకే దూకాడు. ఇద్దరూ ఆ మాట దగ్గరే ఆగిపోయారు, కింద రాసిన మనిషి దాకా పోలేదు.

మన వైపు చట్టం ఈ సంగతిలో మంచి దారే చూపిస్తుంది. తమిళ పేపర్లలో "ఆట్కొణర్వు మను" అని చదువుతుంటాం కదా, తెలుగు పేపర్లలో హెబియస్ కార్పస్ అంటారు. నేను చదివింది తమిళ మీడియం కాబట్టి ఆ తమిళ మాటే నాకు సులువుగా బోధపడుతుంది. ఆళ్ అంటే మనిషి, కొణర్ అంటే తీసుకురా. మనిషిని తీసుకురండి, మేము అడుగుతాం అని అర్థం. పద్దెనిమిది నిండినవాడైతే జడ్జి ఎదుట నిలబెట్టి "నువ్వు నీ ఇష్టంతో ఉన్నావా?" అని అడుగుతారు. అవునంటే అంతే. తల్లి ఏడ్చినా, తాత ఏడ్చినా కోర్టు ఏమీ చేయదు. పద్దెనిమిది నిండనివాడైతే ప్రతి జిల్లాలో పిల్లల సంక్షేమ కమిటీ ఉంది, 1098 ఫోను ఉంది. 1890 చట్టంలో కూడా, పిల్లవాడు తెలివిగా ఆలోచించే వయసువాడైతే వాడి ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు అని అప్పటినుంచే ఉంది. చెంగల్పట్టు దావా నాడు కూడా ఆ వాక్యం చట్టంలో ఉంది. దాన్ని వాడుకోవడానికి పిల్లలు దగ్గర లేరు.

మర్నాడు ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఈ కథంతా చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "అయితే వాడు దొంగస్వామి కాదంటావా?" అన్నారు. "అవునో కాదో నాకు తెలియదు అన్నా. కలెక్టరుకీ తెలియదు. మీరు రుజువు చేయలేరు. రుజువు కాని మాట ఒకటి రాస్తే, నిజమైన మాటలు పది దాని కింద పడిపోతాయి. నారాయణయ్య గారికి అదే జరిగింది" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కూతుర్ని పిలిచారు. మేం ముగ్గురం కూర్చుని మను కొత్తగా రాశాం. తాత పేరుతో కాకుండా తల్లి పేరుతో రాశాం, ఎందుకంటే సంరక్షకురాలు ఆమె. పిల్లవాడు పుట్టిన తేదీ, దానికి జనన ధృవపత్రం నకలు. స్కూలు మానేసిన తేదీ, హాజరు పట్టీ నకలు. ఆశ్రమానికి ఫోను చేసిన తేదీలు, సమయాలు. తల్లి రెండుసార్లు వెళ్ళిన తేదీలు, ఎంతసేపు చూపించారు. పిల్లవాడి చేత ఏ కాగితం మీదనైనా సంతకం పెట్టించారా అన్నది విచారించవలసిందని ఒక వాక్యం. ఆ ఆశ్రమం ఉన్న ఊరు వేరే జిల్లా కాబట్టి, మన జిల్లాలో ఇచ్చి ఊరుకోకుండా ఆ జిల్లా పిల్లల సంక్షేమ కమిటీకి కూడా ఒక ప్రతి. స్వామి గురించి, వారి మతం గురించి ఒక్క ముక్క లేదు. మొత్తం ఒకటిన్నర పేజీ.

కిందన ఏం కోరాలి అన్నదాని దగ్గర మళ్ళీ ఆగాం. "పిల్లవాణ్ణి మాకు అప్పగించాలి" అని రాయమన్నారు పెద్దాయన. తల్లి అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. ఆమె అంది: "మావాణ్ణి వాళ్ళెవరూ లేని చోట కూర్చోబెట్టి, వాడికేం కావాలో అడగమని రాయండి అన్నయ్యా. ఇంటికి రానంటే కూడా నేను వాడి నోటితోనే వినాలి." అలాగే రాశాను.

సోమవారం ఇచ్చాం. రసీదు నంబరు వేసి ఇచ్చారు. రసీదు నకలు తీసి జాగ్రత్త పెట్టుకోమని చెప్పాను. ఆ అబ్బాయిని ఇంకా పిలవలేదు. పిలిచిన రోజు ఏం చెబుతాడో మాకెవరికీ తెలియదు. పద్దెనిమిది నిండడానికి ఇంకా అయిదు నెలలు ఉంది.

మన సంఘంలో ఇంకెవరికైనా ఇలాంటి బాధ ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. నాకు గానీ కార్యదర్శి గారికి గానీ చెప్పండి, మను రాయడానికి వస్తాను. వచ్చేముందు తేదీలు మాత్రం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

నా తెలుగులో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.